హ్యామ్‌స్టర్ చక్రం ఇంట్లోనే చేసుకోండి, కొలత తప్పకండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల పోరు పడలేక ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు హ్యామ్‌స్టర్‌నో, తెల్ల ఎలుకనో కొనిచ్చే తల్లిదండ్రులు మన నెల్లూరు, ఒంగోలు వైపు కూడా ఉన్నారు. అది పరుగెత్తి ఆడుకునేందుకు గూటితో పాటు వచ్చే కమ్మీల చక్రం చాలావరకు అయిదారు అంగుళాలే ఉంటుంది. అందులో పరుగెత్తే జంతువు వెన్ను విల్లులా పైకి వంగుతుంది, తల వెనక్కి వాలుతుంది. పైగా కమ్మీల సందున కాలు ఇరుక్కుని విరుగుతుంది, అరికాళ్లు పుండ్లు పడతాయి. రాత్రంతా మైళ్ల కొద్దీ పరుగెత్తే జీవికి ఇది చిన్న బాధ కాదు. దయచేసి ఆ చక్రం తీసేయండి. మంచిది ఇంట్లోనే చేసుకోవచ్చు.

పెద్ద రకం సిరియన్ హ్యామ్‌స్టర్‌కు అడ్డకొలత 11 అంగుళాలు, పరుగుబాట వెడల్పు 4 అంగుళాలు ఉండాలి. మరుగుజ్జు హ్యామ్‌స్టర్లకు, చిన్న రకం తెల్ల ఎలుకలకు 8 అంగుళాలు, 3 అంగుళాలు చాలు. చిన్న చక్రానికి వంటింటి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాను అడుగు నుంచి 3 అంగుళాల ఎత్తున కోస్తే సరి. గోడలు నిటారుగా ఉన్న డబ్బానే తీసుకోండి. పెయింటు బకెట్టు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది కనుక జంతువు ముందుకు జారి బయటపడుతుంది. పెద్ద చక్రానికి 9 ఎం.ఎం. ప్లైవుడ్‌ను 11 అంగుళాల బిళ్లగా కోసి, చుట్టూ మందపాటి ప్లాస్టిక్ షీటు పట్టీని సన్న మేకులతో బిగించాలి. మేకుకు ముందు సన్న రంధ్రం వేయకపోతే ప్లై పొరలు విడిపోతాయి. పట్టీ రెండు కొసలూ ఒకదాని మీదొకటి ఎక్కకూడదు, గోరు తగులుతుంది. కొసకు కొస ఆనించి, బయటి వైపు ఇంకో ముక్క అతికించండి. లోపల నున్నగా ఉంటే కాలు జారుతుంది కాబట్టి సాండ్‌పేపర్‌తో గరుకు చేయండి, లేదా పలుచని కార్క్ షీటు ప్లాస్టిక్‌కు పట్టే జిగురుతో అంటించండి. గుడ్డ మాత్రం వద్దు, దారప్పోగు వేలికి చుట్టుకుంటే రక్తం ఆగి వేలు ఊడిపోతుంది.

అసలు పనితనమంతా ఇరుసు దగ్గరే ఉంది. స్కేట్ల చక్రాల్లో ఉండే 608 నంబరు బేరింగులు రెండు తెచ్చుకోండి. లోపలి రంధ్రం 8 ఎం.ఎం., బయటి కొలత 22, మందం 7. ఒక్క బేరింగుతో చక్రం పక్కలకు ఊగుతుంది. ఒకటిన్నర అంగుళం మందం ఉన్న కొయ్యను నిలబెట్టి, దానికి రెండు వైపులా 22 ఎం.ఎం. గుంటలు 7 ఎం.ఎం. లోతున తొలిపించి ఒక్కో బేరింగు దిగ్గొట్టాలి. దెబ్బ బయటి వలయం మీదే పడాలి. లోపలి వలయం మీద కొడితే గుండ్లు దెబ్బతిని గరగరమంటాయి. రెండు గుంటల మధ్య బోల్టు దూరేందుకు 10 ఎం.ఎం. రంధ్రం ఉండాలి. చక్రం నడిమధ్యన 8 ఎం.ఎం. బోల్టు, తల లోపలికి ఉండేలా దూర్చి వెనక నట్టుతో బిగించి, బేరింగుల గుండా దాటించి చివర నైలాన్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవనిది) వేయండి. వెనక నట్టుకూ బేరింగుకూ మధ్యలో వేసే వాషరు లోపలి వలయానికి మాత్రమే తగలాలి. పెద్ద వాషరు వేస్తే బయటి వలయాన్ని రుద్ది చక్రం బిగుసుకుంటుంది. చివరి నట్టు మరీ బిగించినా అంతే. కొత్త బేరింగులో గ్రీజు చిక్కగా ఉంటుంది, ముప్పై నలభై గ్రాముల ఎలుక దాన్ని తిప్పలేదు. మూత ఊడదీసి కిరసనాయిలుతో కడిగి, వాసన పోయేదాకా ఆరబెట్టి, ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చాలు.

వేలితో తిప్పి చూడండి. ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంటే కిందకొచ్చిన వైపు బరువెక్కువ. దానికి ఎదురుగా బయటి వైపు చిన్న వాషరు అంటించండి. ఆధారం వెనక వైపునే ఉండాలి. ముందు అడ్డకమ్మీ పెడితే తిరిగే చక్రానికీ దానికీ మధ్య తోకా మెడా చిక్కుతాయి. చక్రం కింద ఒక అంగుళం సందు వదలండి, లేదంటే గూట్లో పరిచిన రంపపు పొట్టు చేరి పట్టేస్తుంది. స్టాండు కదలకుండా పీఠం మీద చీమకుర్తి గ్రానైట్ తుక్కు పలక ఒకటి, అంచులు రుద్ది పెట్టండి. రోహిణీ కార్తెలో ఆ చల్లదనం మీదే హ్యామ్‌స్టర్ పొట్ట ఆనించి పడుకుంటుంది కూడా.

చక్రంలోనే మూత్రం పోస్తాయి కనుక వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. బేరింగును నీళ్లలో ముంచొద్దు. వార్నిషు, రంగు పూయొద్దు, కొరికి మింగుతాయి. గూళ్లమ్మే వ్యాపారులు అయిదంగుళాల కమ్మీ చక్రాలు తెప్పించడం మానాలని మనవి. గినీ పందులకు, కుందేళ్లకు మాత్రం ఏ కొలతలోనూ చక్రం చేయకండి, వాటి వెన్ను అందుకు తగినది కాదు. నేల మీద తిరగడానికి చోటు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కావలి