దారి లేని చోట నడక

ఎడిటర్ గారికి, అలాస్కా ట్రెక్కింగ్ మీద వేసిన ఫొటోలు బాగున్నాయి గానీ అసలు విషయం వదిలేశారండీ. గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ పార్కులో రోడ్డూ లేదు, ట్రెయిలూ లేదు, ఎక్కువమంది చిన్న విమానంలో దిగుతారు. అక్కడ 10 కిలోమీటర్లు నడిచినా ఆ రోజుకి గొప్పే, ఎందుకంటే టస్సాక్స్ అని గడ్డి దుబ్బులుంటాయి, కాలేస్తే పక్కకి ఒరిగిపోతాయి, మధ్యలో నీళ్లు, చీలమండ మెలిక పడిందంటే ఇక అంతే. వానొస్తే వాగు గంటల్లో పొంగుతుంది, దాటేముందు బ్యాగు నడుం బెల్టు విప్పేసుకోవాలి, నీళ్లలో పడితే బ్యాగు వెంటనే వదిలించుకోడానికి (ఇదే చాలామంది మర్చిపోతారు). ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు, కంపాసు ఉండాల్సిందే. తిండేమో ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో, అది రూలు. ఇంకోటి, గుంపుగా వెళ్తే ఒకరి వెనక ఒకరు కాకుండా విడివిడిగా నడవాలి, లేకపోతే అక్కడో కొత్త దారి పడిపోతుంది. ఈసారి ఫొటోలతో పాటు ఇవీ వెయ్యండి.

– ఒక పాఠకుడు