రిపోర్టులో ఆ మాట తోబుట్టువులకూ చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పెద్దపేగు క్యాన్సర్ గురించి ఏం రాసినా పొగ, మద్యం, తిండి దగ్గరే ఆగిపోతోంది. అవి రాయాల్సిందే. కానీ నేను పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. బయాప్సీ బ్లాకులు (మైనంలో పొదిగిన కణితి ముక్కలు) తీసుకెళ్లడానికి వచ్చిన రోగి అన్న, "వాడికి ఏ అలవాటూ లేదమ్మా, ఎందుకొచ్చింది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు పేపర్లో ఎక్కడా కనబడదు. కొందరి విషయంలో ఆ జవాబు, కణంలో డీఎన్‌ఏ తప్పుల్ని దిద్దే ఏర్పాటులో ఉంటుంది.

కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్‌ఏ మొత్తానికీ నకలు తీస్తుంది. తల్లి నుంచి వచ్చిన మూడు వందల కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి వచ్చినవి మరో మూడు వందల కోట్లు. నకలు తీసే ఎంజైము తన తప్పుల్ని చాలావరకు అక్కడికక్కడే దిద్దుకుంటుంది. అయినా కొన్ని మిగులుతాయి. జత కుదరని ఆ చోటును ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే ప్రోటీన్లు పట్టుకుంటాయి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 అనే మరో రెండు ప్రోటీన్లు వచ్చి, నకలుగా కొత్తగా తయారైన డీఎన్‌ఏ పోగుకు గాటు పెడతాయి. తప్పున్న ముక్క పోయి, సరైనది తయారై అతుక్కుంటుంది. పాత పోగు జోలికి పోవు, అసలు ప్రతి అదే కాబట్టి. ఎంఎంఆర్ (మిస్‌మ్యాచ్ రిపేర్) అనే ఈ దిద్దుబాటు ఎలా జరుగుతుందో తేల్చిన శాస్త్రవేత్త పాల్ మాడ్రిచ్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది.

ఈ నాలుగు ప్రోటీన్లనూ మేం స్లైడు మీద రంగుతో చూస్తాం. ప్రోటీను ఉన్న కేంద్రకం గోధుమరంగుకు తిరుగుతుంది, లేనిది నీలంగానే ఉండిపోతుంది. కొన్ని స్లైడ్లలో కణితి కణాలన్నీ నీలం, వాటి మధ్య ఇరుక్కున్న తెల్లరక్తకణాలు మాత్రం గోధుమరంగు. రంగు సరిగ్గానే పట్టిందనీ, లోపం కణితిలోనే ఉందనీ వాటిని బట్టే నమ్ముతాం. అలాంటి కణితిలో ఒకే అక్షరం వరుసగా వచ్చే చోట్ల తప్పులు పేరుకుపోతాయి. కణం పెరుగుదలను అదుపులో ఉంచే జన్యువులోనే అలాంటి చోటుంటే ఆ అదుపు తప్పుతుంది.

రిపోర్టులో "లాస్ ఆఫ్ ఎక్స్‌ప్రెషన్" (కణితిలో ఆ ప్రోటీను కనబడలేదు) అని ఉన్నంత మాత్రాన వంశపారంపర్యమని కాదు. పెద్ద వయసులో ఎంఎల్‌హెచ్1 జన్యువు కణితిలోనే మూగబోవడం మామూలే. కానీ కొందరిలో అది లించ్ సిండ్రోమ్, అంటే ఈ దిద్దుబాటు జన్యువుల్లో ఒకదానిలో పుట్టుకతో వచ్చిన లోపం. అవునో కాదో జన్యుపరీక్షలో తేలుతుంది. అవునంటే పిల్లలకు, తోబుట్టువులకు ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. ఆ లోపం ఉన్నవాళ్లు ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకుంటే పాలిప్స్ అనే చిన్న బుడిపెలు క్యాన్సర్‌గా మారకముందే తీసేయొచ్చు. ఆడవాళ్లకు గర్భాశయ క్యాన్సర్ ముప్పూ ఎక్కువే. రోగికీ ఆ మాట ముఖ్యమే: ఇన్ని తప్పులున్న కణితిని రోగనిరోధక కణాలు తేలిగ్గా గుర్తుపడతాయి కాబట్టి, ఆ కణాల్ని కణితి మీదికి ఉసిగొల్పే పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు ఇలాంటివాళ్లలో చాలామందికి బాగా పనిచేస్తున్నాయి.

ఇదంతా ఫైల్లోనే ఉండిపోతోంది. భయంతోనో, సిగ్గుతోనో తమ్ముడికీ చెల్లెలికీ చెప్పరు. మీ ఆరోగ్య పేజీలో ఈ నాలుగు ప్రోటీన్లనూ చూసే ఎంఎంఆర్ పరీక్ష గురించి వివరంగా రాయించండి. రిపోర్టులో లోపం ఉందని కనబడితే, "మా ఇంట్లోవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలా?" అని డాక్టర్‌ను అడగమని చెప్పండి.

– ఒక పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్