వేట నిషేధ తేదీలకు సముద్రపు లెక్క కావాలి

సంపాదకులకు,

అయ్యా,

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మర పడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం అమలవుతోంది. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది. గుడ్లు పెట్టే కాలంలో చేపను వదిలిపెట్టాలన్న ఉద్దేశాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ సముద్రం వేడెక్కుతున్న కొద్దీ చేపలు గుడ్లు పెట్టే నెలలే జరిగిపోతున్నప్పుడు, కదలని ఈ తేదీలు ఏ చేపను ఎంతమేరకు కాపాడుతున్నాయో లెక్క కట్టి, ఆ లెక్కను ప్రజల ముందు పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. చెన్నై తీరంలో నెమిప్టెరస్ జాతికి చెందిన గులాబిరంగు చేపలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశీలించారు. వాటిలో ఒక రకంలో, 1980లో గుడ్లకు వచ్చిన చేపల్లో సుమారు 35 శాతం ఏప్రిల్–సెప్టెంబరు నెలల్లో కనిపించగా, 2004 నాటికి ఆ వాటా సుమారు 5 శాతానికి పడిపోయింది. మిగిలినవన్నీ చల్లని నెలలకు మళ్లాయి. ఒకప్పుడు దాదాపు మలబారు తీరానికే పరిమితమైన నూనె కవళ్లు (ఆయిల్ సార్డిన్ చేపలు) 1980ల మధ్యకాలం తర్వాత తమిళనాడు, ఆంధ్ర తీరాల్లోనూ వలకు పడసాగాయి. అన్ని చేపలూ ఇలాగే జరుగుతాయని దీని అర్థం కాదు, నిషేధాన్ని వెంటనే మరో నెలకు మార్చాలని అంతకన్నా కాదు. ఒక జాతికి మేలు చేసే తేదీ మరో జాతికి చేయకపోవచ్చు. అందుకే కంటి అంచనా ఇక్కడ సరిపోదు.

సముద్ర జీవావరణ నమూనాలు, అంటే సముద్రంలోని జీవుల పెరుగుదలను కంప్యూటరుపై లెక్కకట్టే పద్ధతులు, పుట్టింది ఇలాంటి చిక్కుముడిని విప్పడానికే. సముద్రాన్ని గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో నీటి వేడి, ఉప్పదనం, పోషకాలు, నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు (వృక్ష ప్లవకాలు), వాటిని తినే చిన్న జీవులు (జంతు ప్లవకాలు), వాటిపై బతికే చేపలు ఒకదాన్నిబట్టి ఒకటి ఎలా పెరుగుతాయో, తరుగుతాయో సమీకరణాలుగా రాస్తారు. బంగాళాఖాతంలో ఈ పని మరింత కష్టం. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు పైపొరగా పరుచుకుంటుంది. తేలికైన ఆ పొరను ఎండ మరింత వేడెక్కిస్తే, అడుగున ఉన్న పోషకాలు పైకి రావడం ఇంకా తగ్గుతుంది. పోషకాలు తగ్గితే ప్లవకాలు, ప్లవకాలు తగ్గితే చేపలు తగ్గుతాయి. వేడి నీటిలో చేప ఒంటికి ఆహారం ఎక్కువ కావాలి కాబట్టి దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది.

భూగోళం మొత్తానికి ఇలాంటి లెక్కలు ఇప్పటికే వచ్చాయి. అనేక నమూనాలను కలిపి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం భూమి సగటు ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ సముద్ర జంతురాశి సుమారు 5 శాతం తగ్గుతుంది. కానీ అలాంటి నమూనాలో ఒక గడి పక్క పొడవే తరచుగా 100 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కోరంగి మడ అడవులు, గోదావరి ముఖద్వారం, కాకినాడ రేవు అన్నీ ఆ ఒక్క గడిలో ఇమిడిపోతాయి. ప్రపంచ సగటును చూసి మన తీరంలో నిషేధ తేదీలు నిర్ణయించలేం.

నమూనా చెప్పిందల్లా నమ్మాలని కూడా నేను అనడం లేదు. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో కాడ్ చేపల నిల్వను 1980లలో శాస్త్రజ్ఞులు అసలు ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా అంచనా వేశారు. ఆ లెక్క నడిసముద్రంలో వేటాడే పెద్ద ట్రాలర్ల దిగుబడిని ఎక్కువగా నమ్ముకుంది. చేపలు తగ్గినా, మిగిలినవి గుంపు కట్టిన చోటును వెతికి పట్టే ఆ ఓడలకు దిగుబడి తగ్గలేదు. తీరం దగ్గర చిన్న పడవల్లో వేటాడేవారు మాత్రం చేప తగ్గుతోందని మొత్తుకున్నారు. చివరకు 1992లో వేటనే ఆపేయవలసి వచ్చి, వేల కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. గణితం బోధించిన వాడిగా ఈ ఉదంతం నన్ను ఎంతో బాధిస్తుంది, ఎందుకంటే అక్కడ తప్పు కేవలం సమీకరణాలది కాదు, ఎవరి మాటను లెక్కలోకి తీసుకున్నారన్నదాంట్లో ఉంది. 1926లో ఇటలీ గణితవేత్త వోల్టెరా వేటాడే చేపలకూ వాటికి ఎరయ్యే చేపలకూ రాసిన సమీకరణాలకు ప్రేరణ కూడా ఏడ్రియాటిక్ సముద్రపు రేవుల్లోని చేపల మార్కెట్ల లెక్కలే అన్నది మరువరాదు.

మనకు కావలసినవి చాలావరకు అందుబాటులోనే ఉన్నాయి. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) సముద్ర నమూనాలను నడుపుతోంది. ఉపగ్రహాలు పంపే నీటి వేడి, వృక్ష ప్లవకాల ఉనికిని తెలిపే పత్రహరితం వివరాలతో చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు తెలుపుతోంది. ఆ సేవ విలువైనదే, కానీ అది చెప్పేది రాబోయే ఒకటి రెండు రోజుల సంగతి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దగ్గర దశాబ్దాల దిగుబడి లెక్కలున్నాయి. ఈ రెండు సంస్థలూ రాష్ట్ర మత్స్యశాఖతో కలిసి ఆంధ్ర తీరానికి ప్రత్యేకంగా నమూనాలు నడపాలి. ఒకటి కాదు, కనీసం రెండు మూడు వేర్వేరు నమూనాలు నడిపితేనే వాటి మధ్య తేడా ఎంతో తెలుస్తుంది. నిషేధం ఇప్పటి తేదీల్లోనే ఉంటే, ముందుకో వెనక్కో జరిపితే, చలికాలంలో మరికొన్ని రోజులు చేర్చితే, ముఖ్యమైన ఒక్కో చేప నిల్వ ఏమవుతుందో కనిష్ఠ, గరిష్ఠ అంచనాలతో సహా తెలుగులో ప్రచురించాలి. అంతకుముందే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో బోటు యజమానులను, కళాసీలను, చేపలమ్మే స్త్రీలను కూర్చోబెట్టి, గుడ్లతో ఉన్న చేప ఏ నెలలో ఎక్కువగా కనిపిస్తోందో నమోదు చేయాలి.

61 రోజులు ఆదాయం వదులుకుంటున్న కుటుంబాలకు ఆ త్యాగం వల్ల ఏ చేప ఎంత పెరుగుతోందో తెలుసుకునే హక్కు ఉంది. వచ్చే ఏడాది నిషేధ ఉత్తర్వుతో పాటే, ఆ తేదీలను ఏ ఆధారంతో నిర్ణయించారో తెలిపే నివేదికను కూడా ప్రభుత్వం విడుదల చేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత గణిత అధ్యాపకుడు,
కాకినాడ