బయట ప్లాస్టరింగ్ ఎందుకు ఆపానంటే

నేను ఇళ్లు కడుతున్న పోరంకి, కానూరు సైట్లలో బయట ప్లాస్టరింగ్ ఆగిపోయిన సంగతి మీకు తెలుసు. కూలీలు దొరకడం లేదని కొందరు, నా దగ్గర డబ్బు ఆడటం లేదని కొందరు అనుకుంటున్నారట. రెండూ కాదు. పరంజాకి వచ్చిన పైపులు బాగాలేవు, వాటి మీదికి మేస్త్రీలను ఎక్కించనని లారీతో సహా వెనక్కి పంపేశాను. మీలో నా చేత రెండో ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లున్నారు, ఈ మాట మీకు ఇంకెవరో చెప్పి తెలియడం నాకిష్టం లేదు.

పరంజా గొట్టం బయటి కొలత 48.3 మి.మీ., మందం 3.2 మి.మీ. ఉండాలి. అలాంటిది 20 అడుగుల పైపు 21, 22 కిలోలు తూగుతుంది. సరుకు దించుతుంటే కుర్రాడొకడు రెండు పైపులు ఒకేసారి భుజాన వేసుకుని తేలిగ్గా నడిచొచ్చాడు, నాకు అక్కడే అనుమానం వచ్చింది. పక్కనున్న పాత ఇనుము కొట్టులో కాటా మీద పెట్టిస్తే 14 కిలోల దగ్గర ఆగింది. మందం 2 మి.మీ. మాత్రమే. బయటి కొలత ఒకటే, పైగా కొత్తగా రంగేశారు కాబట్టి కంటితో చూస్తే ఎవరూ పట్టుకోలేరు. పైపుల్ని కలిపి బిగించే క్లాంపులు ఇంకా ఘోరం, ఒకదాని నట్టు ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంది, మరలు అరిగిపోయాయి. ఫోన్ చేస్తే అద్దెకిచ్చినాయన "ఊరంతా ఇవే వాడుతోంది, మీ ఒక్కరికే పనికిరాలేదా" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన బిల్లు ఒక్క నెల కూడా ఆపలేదు నేను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ మండుతోంది. నేనిచ్చిన అడ్వాన్సు ఇంకా తిరిగి చేతికి రాలేదు, వచ్చినా రాకపోయినా ఆయన గడప మళ్లీ తొక్కను.

మంచి పైపులు గుంటూరు నుంచి తెప్పిస్తున్నాను, అద్దె దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇక్కడే నాకు నిద్ర పట్టలేదు. మా పెద్ద మేస్త్రీ ఒక దారి చెప్పాడు: నిలువు పైపులకి మంచివి పెట్టి, అడ్డాలకి ఆ పల్చటివే సర్దేద్దాం, ఎవరికీ తెలియదు అని. ఆయన మంచికే చెప్పాడు, నాకు నష్టం తగ్గుతుందని. కానీ మనిషి నిలబడే పలక ఆనేది ఆ అడ్డాల మీదే కదా. ఇసుక, సిమెంటు కలిపిన మాలు తట్టలు, ఇద్దరు మనుషులు, అంతా దాని మీదే. రెండు రోజులు లెక్కలేసి, చివరికి ఆ ఆలోచన పక్కన పెట్టేశాను.

ఇప్పటికే అగ్రిమెంట్ రాసుకున్నవాళ్లకి రూపాయి కూడా పెంచను, ఆ తేడా నాదే. కొత్త కొటేషన్లలో మాత్రం పరంజా, వల, పడిపోకుండా ఒళ్లంతా పట్టే హార్నెస్ బెల్టు, హెల్మెట్లు, లిఫ్టు గుంత చుట్టూ అడ్డం, వీటన్నిటికీ కలిపి విడిగా ఒక లైను ఉంటుంది. చదరపు అడుగు రేటులో కలిపేస్తే నాకే సుఖం, ఎందుకంటే విడిగా కనపడితే బేరంలో ముందు దాని మీదే గీత పడుతుంది. అయినా విడిగానే రాస్తాను. ఆ లైను తీసేయమంటే ఆ పని నేను ఒప్పుకోను, ఇందులో మొహమాటం లేదు. టైల్స్ తగ్గించుకుందాం, ఎలివేషన్ సింపుల్‌గా చేద్దాం, గేటు డిజైన్ మారుద్దాం, వాటి మీద ఎంతసేపైనా కూర్చుంటాను.

ఒక పెద్దాయన "ప్లానుకి వెళ్లినప్పుడే ఒక శాతం లేబర్ సెస్సు కట్టాం కదా, మళ్లీ ఇదేంటి" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1996లో భవన నిర్మాణ కార్మికుల కోసం వచ్చిన చట్టాలతో మొదలైన ఆ సెస్సు సంక్షేమ బోర్డుకి వెళ్తుంది. పేరు నమోదు చేసుకున్న కార్మికుడికి ఏదైనా జరిగితే ఆ తర్వాత సాయం అందేది అందులోంచి. అది సైటులో బెల్టు కొనదు, పైపు మార్చదు. పైగా శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి రెండు నెలలకో ఊరు మారే వాళ్లలో చాలామందికి ఆ నమోదు కార్డే ఉండదు. మా ముఠాలో లేనివాళ్ల కాగితాలు ఇప్పుడు నేనే దగ్గరుండి పెట్టిస్తున్నాను.

"రెండంతస్తుల ఇంటికి ఇంత హంగామా ఎందుకు, మా నాన్న సర్వీ కర్రలు, కొబ్బరితాడుతో కట్టించేశాడు" అని ఇంకొకరన్నారు. రేటు పెంచడానికి ఇదో సాకు అని కూడా అన్నారు, అది బాగా తగిలింది. పదడుగుల మీంచి తలకిందులుగా పడితే చాలండీ, పది అంతస్తులు అక్కర్లేదు. నమ్మకం లేనివాళ్లు సైటుకి రండి, వచ్చిన పైపుల్లో మీకు నచ్చినదాన్ని మీరే తీసి తూకం వేయించండి.

సోమవారం సరుకు దిగుతుంది. ముందు కానూరు, తర్వాత పోరంకి. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నవాళ్లు ఈ వారమే నాకు ఫోన్ చేయండి. లోపలి పనులు ఆ రోజుకి అయిపోతాయి, బయటి రంగులు మాత్రం కావు, అవుతాయని మాట ఇవ్వలేను.