సార్, బస్సెక్కించాల్సింది మమ్మల్ని కాదు, మా రక్తం ట్యూబును

రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది పలమనేరు దగ్గర పల్లె. మా అమ్మ ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్నాను. డయాలసిస్ రోజులు చూసినవాణ్ని, ఇప్పటి బతుకు ఎంత నయమో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దాహమేస్తే లెక్క చూసుకోకుండా చెంబెడు నీళ్లు తాగుతున్నాను, అంగట్లో కూర్చుని వ్యాపారం చూసుకుంటున్నాను. 2024లో మాలాంటివాళ్ల పింఛను 5 వేల నుంచి 10 వేలు చేశారు, ఆ మేలు మరిచిపోలేదు. అయితే ఆపరేషన్‌తో జబ్బు అయిపోయినట్టేనని ఊళ్లోనే కాదు, ఆఫీసుల్లో కూడా అనుకుంటున్నారు. తంటా అంతా అక్కడే.

మేం వేసుకునే టాక్రోలిమస్ అనే మాత్ర పన్నెండు గంటలకోసారి, జీవితాంతం. రక్తంలో దాని లెవల్ తగ్గితే ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేస్తుంది, పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది, చేతులు వణుకుతాయి. అందుకని లెవల్ పరీక్ష. దీనికి పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. అంటే తొమ్మిదికి మాత్ర వేసుకునే నేను చీకటితోనే బస్సెక్కి, మాత్రను చొక్కా జేబులో పెట్టుకుని, మొగిలి ఘాట్‌లో ఏ లారీ అడ్డం పడకూడదని మొక్కుకుంటూ, నూరు కిలోమీటర్లు దాటి తిరుపతి చేరాలి. జనంలోకి పోవద్దు, ఇన్ఫెక్షన్ వస్తుంది అని డాక్టర్లు చెప్తారు. మేమేమో కొండకు పోయే జనంతో కిక్కిరిసిన బస్సులో పోతాం. మాస్కు చూసి పక్కనోళ్లు కొంచెం జరుగుతారు, అదొక్కటే లాభం.

ఇంతా చేసి వాళ్లు తీసుకునేది ఊదారంగు మూత ఉండే చిన్న ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం. చల్లగా ఉంచితే అది కొన్ని రోజులు పాడవదు. పలమనేరు, కుప్పం ప్రభుత్వాసుపత్రుల్లో రక్తం తీసేవాళ్లున్నారు, టీకాలు మోసే ఐస్ బాక్సులున్నాయి. వారంలో ఒక రోజు పెట్టి శాంపిళ్లు తిరుపతికి పంపి, రిపోర్టు ఫోన్‌కు పంపితే చాలు.

ఇంకోటి, మందు కంపెనీ. స్టాకు లేదని ఒక నెల ఒకరిది, ఇంకో నెల ఇంకొకరిది ఇస్తారు. "మందు అదేలే సామీ, పేరే వేరు" అన్నాడు ఒక కౌంటర్లో. జ్వరం బిళ్లకైతే ఆ మాట చెల్లుతుంది. టాక్రోలిమస్ కంపెనీ మారితే లెవల్ మారొచ్చు, మళ్లీ పరీక్ష చేయించాలి, మళ్లీ ఆ బస్సే. కొనేటప్పుడే ఏడాదికి సరిపడా ఒకే కంపెనీది కొనమనండి. మార్చక తప్పదంటే మా డాక్టరుకు ముందే చెప్పి, ఆ పరీక్ష ఉచితంగా చేయించండి.

అవయవదానం చూసే జీవన్‌దాన్‌ పథకంలో పేరు రాయించుకుని కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్లు ఎందరో ఉన్నారు. వచ్చిన కిడ్నీ మందు సరిగా అందక పాడైతే ఆ మనిషి మళ్లీ ఆ వరసలోకే పోవాలి, అప్పటిదాకా డయాలసిస్ ఖర్చు ప్రభుత్వం మీదే పడుతుంది. డబ్బు లెక్కన చూసినా ట్యూబును మోయడమే చవక.

జిల్లా అంతా ఒకేసారి కుదరకపోతే ముందు కుప్పం, పలమనేరుల్లో మొదలుపెట్టండి. మా పేషెంట్లకు వాట్సాప్ గ్రూపు ఉంది, ఏ రోజు రమ్మంటే ఆ రోజు మాత్ర జేబులో పెట్టుకుని అందరం వచ్చేస్తాం.

ఇట్లు,
పలమనేరు నుంచి ఒక కిడ్నీ మార్పిడి పేషెంటు