సంగీత ఉపసంఘం వార్షిక నివేదిక, 2025: రేడియో చాటింపు, ఊరి కచేరీలు

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్, దాని పక్కనున్న మెటైరీ, కెన్నర్‌లలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల సంగీత ఉపసంఘం ఈ ఏడాది ఏం చేసిందో మీ ముందు పెడుతున్నాను. సంక్రాంతి, ఉగాది, దసరా వేడుకల వివరాలు ప్రధాన కార్యదర్శిగారి నివేదికలో ఉంటాయి. నేను చెప్పబోయేది ఈ ఊరి రేడియో స్టేషన్ డబ్ల్యూడబ్ల్యూఓజీ, అంటే 90.7 ఎఫ్ఎం గురించి, ఆ రేడియో దారి చూపితే మనం వెళ్ళి విన్న జాజ్ కచేరీల గురించి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. డబ్ల్యూడబ్ల్యూఓజీని ఊళ్ళోవాళ్ళు ఓజీ అని ముద్దుగా పిలుస్తారు. వాల్టర్ బ్రాక్, జెరీ బ్రాక్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టిన ఈ స్టేషన్ 1980 డిసెంబరు 4న గాలిలోకి వచ్చింది. తొలిరోజుల్లో స్టూడియో టిపిటీనాస్ అనే సంగీత క్లబ్బు పై అంతస్తులో ఉండేది. కింద కచేరీ జరుగుతుంటే నేలకున్న కంతలోంచి మైకు దించి ప్రసారం చేసేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పాటలు ఎంచి వినిపించేది జీతం తీసుకోని వాలంటీర్లు. ఎవరి అభిరుచి వారిది, ఎవరి రికార్డులు వారివి. పొద్దుటిపూట సంప్రదాయ జాజ్, ఆ తర్వాత ఆధునిక జాజ్, ఇంకా బ్లూస్, గాస్పెల్, బ్రాస్ బ్యాండ్లు. ఆకాశవాణి వింటూ పెరిగిన మన పెద్దవాళ్ళకు ఈ పద్ధతి మొదట వింతగా తోచింది. మాట మధ్యలో తడబడే అనౌన్సరును వాళ్ళు అంతకుముందు విని ఉండరు. కొన్ని వారాలు గడిచాక ఆ తడబాటు లేకపోతే వెలితిగా ఉందన్నారు.

మనకు అన్నిటికన్నా పనికొచ్చింది ఓజీలో వచ్చే ‘లైవ్‌వైర్’. తొమ్మిది, పదకొండు, ఒంటిగంట, ఇలా ప్రతి బేసి గంటకూ ఊళ్ళో ఎక్కడ ఎవరు వాయిస్తున్నారో వరసగా చదువుతారు. పెద్ద హాలూ, మూలనున్న చిన్న బారూ ఆ జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. “మా ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేసినట్టే ఉందమ్మా” అని ఒక పెద్దమ్మగారు అన్న దగ్గర్నుంచి మన కుటుంబాల్లో దాని పేరు చాటింపే అయిపోయింది. నివేదికలో నేనూ ఆ మాటే వాడతాను.

ఏడాది దుఃఖంతో మొదలైంది. జనవరి 1 తెల్లవారుజామున బోర్బన్ స్ట్రీట్‌లో జనం మీదికి ఒకడు వాహనం తోలి 14 మంది ప్రాణాలు తీశాడు. ఆ తర్వాత చాలా కుటుంబాలు ఆ వీధి ఉన్న పాతపేట ఫ్రెంచ్ క్వార్టర్ వైపు వెళ్ళడమే మానేశాయి. జనవరి కచేరీ యాత్రను మేమే రద్దు చేశాం. 21న ఈ తరం ఎన్నడూ ఎరగనంత మంచు పడి రోడ్లు మూతపడ్డాయి. ఆ రోజుల్లో ఇళ్ళలో కూర్చుని చాటింపు వింటుంటే ఒక విషయం తెలిసొచ్చింది. వాయించేవాళ్ళు ఆగలేదు. వాళ్ళ పేర్లు, వీధుల పేర్లు ఎప్పటిలాగే వినిపిస్తున్నాయి. మనమే ఇంట్లో ఉండిపోయాం. ఫిబ్రవరి చివర్లో సెయింట్ పీటర్ వీధిలోని ప్రిజర్వేషన్ హాల్‌కు కొద్దిమందిమి కలిసి వెళ్ళాం. ఎక్కువమంది రాలేదు, అయినా ఈ ఏడాది చేసిన పనుల్లో దాన్నే నేను ముందు రాస్తాను.

1961 నుంచి నడుస్తున్న ఆ హాల్లో మందు అమ్మరు, పిల్లలకూ ప్రవేశం ఉంది. చెక్క బల్లల మీద, జాగా చాలకపోతే నేల మీద కూర్చోవాలి. ట్రంపెట్ పాటను పట్టుకుని నడుస్తుంది, క్లారినెట్ దానిమీద అల్లిక అల్లుతుంది, ట్రాంబోన్ అడుగునుంచి జారుతూ పైకి లేస్తుంది. ముగ్గురూ ఒకేసారి అప్పటికప్పుడు కల్పిస్తున్నా ఒకరి మాట ఒకరికి అడ్డురాదు. మన కర్ణాటక కచేరీలో మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించడం, వంతులవారీగా సాగుతుంది. గాయకుడు పాడితే వయొలిన్ అందుకుంటుంది, చివర్లో తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాల వంతు, వస్తుంది. ఇక్కడ అందరిదీ ఒకే క్షణంలో మనోధర్మం. మన పిల్లలకు మృదంగం నేర్పే మాస్టారు ఆ రాత్రంతా డ్రమ్ముల వైపే చూస్తూ కూర్చున్నారు. తిరిగొస్తూ కారులో ఆయన చెప్పింది రాసుకున్నాను: “ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు పూర్తిచేసుకుని సమం మీద, అంటే మళ్ళీ మొదటి దెబ్బ మీద, వాలతాం. వీళ్ళు ఎనిమిదో దెబ్బ మీదే బరువంతా వేసేస్తున్నారు. అందుకే కాలు నిలవట్లేదు.” నాలుగేసి దెబ్బలుగా లెక్కపెడితే అది రెండో వరసలో నాలుగోది, అందుకే ఇక్కడి వాద్యకారులు దాన్ని ‘బిగ్ ఫోర్’ అంటారు. అది తెలిశాక మా పిల్లలు రేడియోలో ప్రతి పాటలోనూ దాన్ని వెతకడం మొదలుపెట్టారు.

ఏప్రిల్ 10 నుంచి 13 దాకా జరిగిన ఫ్రెంచ్ క్వార్టర్ ఫెస్టివల్‌కు మాత్రం మనవాళ్ళు బాగా వచ్చారు. ప్రవేశం ఉచితం, నది ఒడ్డు, పిల్లలు పరుగెత్తడానికి చోటు. లఫాయెట్ స్క్వేర్‌లో వసంతకాలపు బుధవారం కచేరీలకు ఆఫీసునుంచి నేరుగా వచ్చిన యువకులు ఉన్నారు. ఏప్రిల్ 24న మొదలైన జాజ్ ఫెస్ట్ టికెట్లు కుటుంబమంతటికీ కొనాలంటే భారం. అందుకని ఒక సభ్యుల ఇంటి పెరట్లో రేడియో పెట్టుకుని, ఆ ఉత్సవం జరిగే ఫెయిర్ గ్రౌండ్స్ మైదానం నుంచి ఓజీ చేసే ప్రత్యక్ష ప్రసారం విన్నాం. పులిహోర, పెరుగన్నం, మధ్యలో వాన.

జూన్‌లోగా ఒక సెకండ్ లైన్, అంటే బ్యాండు వెనక జనం ఆడుతూ నడిచే వీధి ఊరేగింపు, చూపిస్తామని మాట ఇచ్చి, దాన్ని నిలబెట్టుకున్నా సరిగా చేయలేకపోయాం. దారి వివరాల కాగితం సరిగా చదువుకోకుండా బయల్దేరడం వల్ల సగం ఊరేగింపు దాటిపోయాక చేరుకున్నాం. ఎండలో నిలబడ్డ పెద్దవాళ్ళకు క్షమాపణ చెబుతున్నాను. దొరికిన ఆ సగం మాత్రం మరపురానిది. క్లెయిబోర్న్ అవెన్యూ మీద ఒకప్పుడు వరసగా ఓక్ చెట్లు ఉండేవి. 1960లలో వాటిని కొట్టేసి హైవే వంతెన కట్టారు. ఆ పక్కనున్న ట్రెమే పేట వాసులు ఆ వంతెన కిందే ఇప్పటికీ వాయిస్తారు. కాంక్రీటుకు తగిలి బాకా మోత గుండెల్లోకి వస్తుంది. గుంటూరు జిల్లానుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక అమ్మగారు, ఇక్కడ అంతిమయాత్రల్లోనూ బ్యాండు వెళ్తుందని, పోయేటప్పుడు నిదానంగా, ఖననం అయ్యాక హుషారుగా వాయిస్తారని విని, “మా ఊళ్ళోనూ డప్పులతోనే సాగనంపుతాం” అన్నారు. తర్వాత అక్కడ ట్యూబా అనే పెద్ద బాకా వాయిస్తున్న అబ్బాయి భుజం తట్టి వచ్చారు. ఇద్దరికీ భాష కలవలేదు.

ఆగస్టు 2, 3 తేదీల్లో పాత టంకశాల భవనంలోని జాజ్ మ్యూజియం దగ్గర సాచ్‌మో సమ్మర్‌ఫెస్ట్. అది ఈ ఊరి ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టినరోజు పండుగ, సాచ్‌మో ఆయన ముద్దుపేరు. 1900 జూలై 4న పుట్టానని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. ఆయన పోయాక దొరికిన చర్చి రిజిస్టరులో 1901 ఆగస్టు 4 అని ఉంది. బడి సర్టిఫికెట్లో ఒక తేదీ, అమ్మ చెప్పే తిథి మరొకటిగా బతికిన మన తరానికి దీన్ని ఎవరూ వివరించనక్కర్లేదు.

అదే నెల 29కి కత్రినా తుఫానుకు ఇరవయ్యేళ్ళు. మన సంఘంలో అప్పుడు ఇక్కడున్న కుటుంబాలు కొన్నే మిగిలాయి. వాళ్ళను కూర్చోబెట్టి చెప్పించుకున్నాం. తుఫానుకు ఓజీ మూగబోయింది. కొన్ని రోజుల్లోనే న్యూజెర్సీలోని డబ్ల్యూఎఫ్ఎంయూ అనే, శ్రోతల చందాలతో నడిచే మరో స్టేషన్ చేయందిస్తే ఇంటర్నెట్ మీద ‘ప్రవాసంలో ఓజీ’ అంటూ మళ్ళీ మొదలైంది. హ్యూస్టన్‌లో బంధువుల ఇంట్లో తలదాచుకున్న ఒక సభ్యురాలు ఆ ప్రసారం లాప్‌టాప్‌లో విన్నారు. “ఇల్లు ఉందో లేదో తెలీదు. ఊరు ఉందని మాత్రం తెలిసింది” అన్నారామె. ఆ సాయంత్రం ఇంకేమీ కార్యక్రమం పెట్టలేదు.

అక్టోబరులో అమెరికా జాజ్ స్వరకర్త, బృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ మీద వినికిడి సాయంత్రం జరిపాం. 1963లో అమెరికా విదేశాంగ శాఖ పంపగా ఆయన బృందం మన దేశానికి వచ్చి ఢిల్లీ, హైదరాబాద్, మద్రాసు, బొంబాయి, కలకత్తా లాంటి నగరాల్లో వాయించింది. కెనెడీ హత్యతో ఆ యాత్ర టర్కీలో ఆగిపోయింది. దాని జ్ఞాపకాలతో తర్వాత చేసిన ‘ఫార్ ఈస్ట్ స్వీట్’ అనే సంగీత మాలికలో ఢిల్లీ గోరింక మీద ఒక భాగం ఉంది. జిమ్మీ హామిల్టన్ క్లారినెట్టే ఆ గోరింక. ఆ భాగాన్ని మనవాళ్ళు మూడుసార్లు వేయించుకున్నారు. 1970లో ఇదే ఊళ్ళో, కాంగో స్క్వేర్ అనే మైదానం దగ్గర జరిగిన మొట్టమొదటి జాజ్ ఫెస్ట్‌లో ఎలింగ్టన్ వాయించారు. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనం, ఆయన నడిచిన రెండు ఊళ్ళ మధ్య బతుకుతున్నాం. నాకు ఇది చిన్న సంగతిగా అనిపించదు.

సర్వసభ్య సమావేశంలో వచ్చిన ప్రశ్నకు ఇక్కడ జవాబు రాస్తానన్నాను. తెలుగు సంఘం డబ్బు జాజ్ మీద ఎందుకు ఖర్చుపెట్టాలి? అడిగినవాళ్ళమీద నాకు గౌరవం ఉంది. త్యాగరాజ ఆరాధనకు, పిల్లల తెలుగు బడికి ఒక్క డాలరూ తగ్గించలేదు, తగ్గించం కూడా. కానీ ఈ ఊళ్ళో పాతికేళ్ళుండి, కాంగో స్క్వేర్‌లో బానిసలు ఆదివారాల్లో చేరి వాయించుకున్నారన్న సంగతి తెలియకుండా మన పిల్లలు పెరగడం సరికాదని నా నమ్మకం. మన ఉగాదికి ఇరుగుపొరుగు రావాలని కోరుకుంటాం. వాళ్ళ వీధిలో మేళం మోగినప్పుడు మనం వెళ్ళాలి.

ఇక డబ్బు సంగతి. జూలైలో చేసిన చట్టంతో ప్రజా ప్రసార సంస్థలకు రావలసిన 110 కోట్ల డాలర్ల ఫెడరల్ నిధులు రద్దయ్యాయి. శ్రోతల చందాలతో నడిచే స్టేషన్లకు ఇక చందాలే ప్రధాన ఆధారం. ఓజీ ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ శరదృతువులోనూ చందాలు అడుగుతుంది. శరత్కాలంలో మన కుటుంబాలు చాలావరకు సొంతంగా సభ్యత్వం తీసుకున్నాయి. సంఘం తరఫున కూడా కొంత మొత్తం ఏటా ఇవ్వాలని ఉపసంఘం ప్రతిపాదిస్తోంది. మొత్తం ఎంతో సభ్యులే తేల్చాలి. లెక్కలు కోశాధికారిగారు విడిగా పంపుతున్నారు.

వచ్చే ఏడాదికి మూడు కోరికలు. రాత్రి తొమ్మిదిన్నర కచేరీలకు వెళ్ళలేని తల్లుల కోసం పగటి కచేరీలు వెతకాలి. జాజ్ మ్యూజియంలో అవి దొరుకుతాయి. సంగీత క్లబ్బులుండే ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌కు వెళ్ళే రోజుల్లో కార్లు పంచుకోవాలి, పార్కింగ్‌తోనే సగం సాయంత్రం పోతోంది. చాటింపు విని వాట్సాప్ గుంపులో రాసే పనిని ఇప్పటిదాకా ఒక్కరే చేస్తున్నారు, వారానికొకరు పంచుకోవాలి. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు సంక్రాంతి భోజనాల దగ్గర నాకు చెప్పండి. మొదటి వారం నేను తీసుకుంటాను.

ఇట్లు,
కార్యదర్శి, సంగీత ఉపసంఘం