మందుల కోసం చేసే ప్రయాణం తగ్గాలి: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, మీ కుటుంబాలకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు, మానసిక రోగుల కుటుంబాల కోసం పనిచేసే మన సంఘం చేసిన పనుల నివేదికను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పత్రం, ఆడిటరు నివేదిక విడిగా అందాయి. వాటి మీద సర్వసభ్య సమావేశంలో చర్చ ఉంటుంది కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు. గత సమావేశంలో మీరు ఒక మాట గట్టిగా చెప్పారు. సదస్సులు తగ్గించండి, మధ్యలో మందులు ఆగిపోయిన ఇళ్లకు వెళ్లండి అన్నారు. ఈ ఏడాది పని చాలావరకు ఆ మాట ప్రకారమే నడిచింది. నివేదికలో కూడా సింహభాగం దానికే ఇచ్చాను.

కొత్తగా చేరిన వారి కోసం కొంత నేపథ్యం చెప్పాలి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆస్పత్రి తెలంగాణకు వెళ్లింది. ఆనాటికి మనకు మిగిలిన ప్రభుత్వ మానసిక వైద్యశాల విశాఖ చినవాల్తేరులోనిది ఒక్కటే. తర్వాత కడపలో మరొకటి ప్రారంభమైంది. గుంటూరు, కాకినాడ, కర్నూలు, తిరుపతి వంటి చోట్ల బోధనాస్పత్రుల్లో సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. వాటిలోని వైద్యులు మన సభ్యుల పిల్లల్ని ఎంతమందినో నిలబెట్టారు, ఆ మేలు మరవలేం. అయినా ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా పరుచుకున్న రాష్ట్రం మనది. 2011 లెక్కల ప్రకారమే జనాభా 4.96 కోట్లు. అనంతపురం వైపు వారు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు, చిత్తూరు వైపు వారు వేలూరుకు పోతారు. శ్రీకాకుళం, మన్యం, అల్లూరి జిల్లాల వారికే కాదు, కొరాపుట్, రాయగడ వైపు ఒడియా కుటుంబాలకు కూడా విశాఖే దిక్కు.

దేశంలో లక్ష మందికి 0.75 మంది మానసిక వైద్యులే ఉన్నారని, కనీసం ముగ్గురు ఉండాలని 2019లో వచ్చిన ఒక పరిశోధన వ్యాసం తేల్చింది. ఆ కొలత ప్రకారం మన రాష్ట్రానికి దాదాపు 1,500 మంది కావాలి. 2015–16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని లెక్కగట్టింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా చెప్పింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మన రాష్ట్రపు సొంత అంకె చేతిలో లేకుండా అధికారుల ముందు కూర్చుని వాదించడం ఎంత కష్టమో ఈ ఏడాది కార్యవర్గానికి బాగా తెలిసివచ్చింది.

మందులు ఆగిపోయిన ఇళ్లు

ఇన్నాళ్లూ మనం మొదటిసారి ఆస్పత్రికి తీసుకురావడమే అసలు కష్టమని అనుకుంటూ వచ్చాం. గాలి సోకిందని, చిల్లంగి పెట్టారని ఇంటివాళ్లు అనుకున్నప్పుడు వాళ్లకు నచ్చజెప్పి బస్సెక్కించడం నిజంగా కష్టమే. కానీ ఈ ఏడాది కార్యకర్తలు తిరిగిన ఇళ్లలో ఎక్కువ మంది ఒకసారి డాక్టరును చూసినవారే. రోగం పేరు తెలుసు, చీటీ ఉంది, మందు పనిచేసిందని కూడా తెలుసు. ఆగింది నెలనెలా చేయాల్సిన ప్రయాణం దగ్గర.

పాడేరు పైనున్న ఒక గ్రామంలోని తల్లీకొడుకుల సంగతి చెబుతాను. అబ్బాయికి స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు. మందు వేసుకున్నంత కాలం కాఫీ తోటలో పనికి వెళ్లాడు, చెల్లెలి పెళ్లికి సామాను మోశాడు. ఊరి నుంచి మండల కేంద్రానికి జీపు, అక్కడి నుంచి పాడేరు, ఆ తర్వాత ఘాట్ దిగి విశాఖ. తెల్లవారుజామున బయలుదేరితే ఓపీ వేళకు అందుకోవడమే గగనం. లేకపోతే ముందురోజు రాత్రి వచ్చి బస్ స్టేషన్లో పడుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద తల్లికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఈ పథకం మన సభ్యురాళ్లకు చేసిన మేలు మాటల్లో చెప్పలేం. కానీ కొడుక్కి టికెట్ కొనాలి, జీపుకు డబ్బులివ్వాలి, ఇద్దరి కూలీ పోతుంది. వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడినప్పుడు ప్రయాణం వాయిదా పడింది. ఆ తర్వాత మళ్లీ బయలుదేరలేదు. బాగానే ఉన్నాడు కదా అనుకున్నారు. కొన్ని వారాలకు అతను నిద్రపోవడం మానేశాడు. మన కార్యకర్త వెళ్లేసరికి ఊరివాళ్లు అతన్ని గదిలో పెట్టి బయట గడియ వేశారు. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు. రెండు బిళ్లల కోసం ఒక కుటుంబం ఇంత దూరం రావలసి రావడమే తప్పు.

అతను వాడే రిస్పెరిడోన్ కొత్త మందేమీ కాదు. ఓలంజపిన్, ఫ్లూయాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ కూడా అంతే. ధర తక్కువ, నిల్వకు శీతల పెట్టె అక్కరలేదు. మానసిక వైద్యుడు ఒకసారి మోతాదు నిర్ణయించాక, శిక్షణ పొందిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు వాటిని కొనసాగించవచ్చు. రోజూ బిళ్ల వేసుకోవడానికి ఒప్పుకోని వారికి ఫ్లూఫెనజిన్, హాలోపెరిడాల్ వంటి దీర్ఘకాలం పనిచేసే ఇంజక్షన్లు ఉన్నాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి సరిపోతుంది. దాన్ని ఇవ్వడానికి నర్సు చాలు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే. బళ్లారి జిల్లాలో చేసిన ప్రయోగం నమూనాగా 1996లో దేశంలో మొదలైంది. ఆలోచన మంచిదే. గ్రామం దాకా మందు చేరినప్పుడే అది నెరవేరినట్లు.

కార్యవర్గం ఈ ఏడాది చేసినది ఇది. మన కుటుంబాలు వాడుతున్న మందుల పేర్లు, నెలకు కావలసిన పరిమాణం ఊరివారీగా రాసి, ఆయా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు నేరుగా ఇచ్చాం. రోగుల పేర్లు బయటపెట్టలేదు, కుటుంబం ఒప్పుకున్న చోట మాత్రమే డాక్టరుకు పరిచయం చేశాం. కొన్ని కేంద్రాల్లో ఫలితం వెంటనే కనిపించింది. ఇండెంట్‌లో, అంటే కేంద్రం పంపే మందుల కోరిక పత్రంలో, ఈ మందులు అడిగేవారు లేకనే రావడం లేదని అక్కడి ఫార్మసిస్టు చెప్పారు, అడగగానే తెప్పించారు. మరికొన్ని చోట్ల మానసిక రోగుల మందులు మేం ఇవ్వం, విశాఖ వెళ్లండి అన్నారు. ఒక కేంద్రంలోనైతే ఒక అమ్మాయి తెచ్చిన చీటీ చూసి, ఇది పిచ్చివాళ్ల మందు అని అందరి ముందు అన్నారు. ఆ అమ్మాయి మళ్లీ అటు వెళ్లలేదు. ఆమెకు మందు ఇప్పుడు మన కార్యకర్త ద్వారా చేరుతోంది. ఇలా మనం మోసుకెళ్లడం తాత్కాలికంగా తప్పదు. దాన్ని సంఘం ఘనకార్యంగా చెప్పుకోవడానికి మనసొప్పడం లేదు.

లిథియం సంగతి వేరుగా రాయాలి. అతి ఉత్సాహం, తీవ్రమైన దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకు అది ఎంతో నమ్మకమైన మందు. కానీ రక్తంలో దాని స్థాయి కాస్త పెరిగినా విషమవుతుంది. అందుకే స్థాయి పరీక్షతో పాటు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. మన సభ్యుల్లో కొందరిది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బులు ఎంత ఎక్కువో మీకు తెలుసు. అక్కడి మనిషికి లిథియం ఇచ్చి, రక్త పరీక్ష కోసం మరో జిల్లాకు రమ్మనడం ప్రమాదకరం. కిడ్నీ పరీక్ష దగ్గర్లో దొరికినా, లిథియం స్థాయి పరీక్ష దొరకడం లేదు. ఉద్దానం వారి నమూనా ఊళ్లోనే తీసి ల్యాబుకు పంపే ఏర్పాటు చేయాలని సంబంధిత అధికారులను లిఖితపూర్వకంగా కోరాం. సమాధానం రాలేదు. మళ్లీ కోరతాం. ఈలోగా ఉద్దానం సభ్యులు దయచేసి ఒళ్లు నొప్పులకు సొంతంగా బిళ్లలు కొని వేసుకోవద్దు. కొన్ని నొప్పి మాత్రలు లిథియం స్థాయిని పెంచుతాయి. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, మాట తడబడడం కనిపిస్తే వెంటనే డాక్టరును కలవండి.

చట్టం ఇచ్చినవి

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల్లో మానసిక చికిత్స పొందడం ప్రతి ఒక్కరి హక్కు. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, అదే జిల్లాలో వేరే చోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలని కూడా అందులో ఉంది. మన కుటుంబాల్లో ఈ సంగతి తెలిసినవారు చాలా తక్కువ. గొలుసులతో కట్టడం నేరమని, రోడ్డు మీద తిరిగే మానసిక రోగిని పోలీసులు లాకప్‌లో పెట్టకూడదని, 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలని కూడా చట్టం చెబుతోంది. రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిక్కులేక కనిపించిన వారి విషయంలో మన యువ సభ్యులు చట్టంలోని ఈ నిబంధన చూపించి పోలీసుల సాయం తీసుకున్నారు. వారిలో కొందరు ఒడియా, బెంగాలీ మాట్లాడేవారు. భాష రాకపోతే ఇల్లు కనుక్కోవడం కష్టం. ఈ భాషలు వచ్చిన సభ్యులు ఎవరున్నా పేరు ఇవ్వండి.

దివ్యాంగుల ధ్రువపత్రాల విషయంలో చాలామంది బాధపడ్డారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే రూ. 6,000 పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ పరీక్ష రోజున మందు వేసుకుని, శుభ్రమైన చొక్కా తొడుక్కుని, అడిగినదానికి సమాధానం చెప్పిన మనిషిని చూసి బాగానే ఉన్నాడు కదా అనేవారు ఉన్నారు. చూపు లేకపోవడం, కాలు లేకపోవడం కంటికి కనిపిస్తాయి. మూడేళ్లుగా ఒక్క పనిలోనూ నెల రోజులు నిలవలేకపోవడం కనిపించదు. అందుకే శిబిరానికి వెళ్లే ముందు గత రెండేళ్లలో స్వయంగా స్నానం, వంట, పని, డబ్బు వ్యవహారం, నలుగురితో కలవడం ఎలా ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోవాలని ఇంటివారికి నేర్పాం. వైకల్యం కొలిచేటప్పుడు చూసేది ఇలాంటివే. ఇది బాగా ఉపయోగపడింది. పాత చీటీలు పారేయకండి.

ఆత్మహత్యాయత్నం చేసినవారిని ఇంకా కేసు భయంతో దాచిపెడుతున్నారు. ఆ భయం వద్దు. తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి వారికి చికిత్స, పునరావాసం అందించాలని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత రావడంతో పోయింది. ఇంటర్ ఫలితాల రోజుల్లో మన సభ్యులు కాలనీల్లో, హాస్టళ్లలో మానసిక సహాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 అంటించారు. ఆ నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. కొండ మీద సిగ్నల్ లేని ఊళ్లకు, కువి తప్ప మరో భాష రాని అవ్వకు మాత్రం అది చేరడం లేదు. అక్కడికి మనిషే వెళ్లాలి.

ఇతర పనులు

పెదజాలరిపేటలో వేట నిషేధ కాలంలో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య, కుటుంబ సమావేశాలు జరిపాం. మగవారు ఇళ్ల దగ్గర దొరికేది అప్పుడే. తాగుడు గురించి ఆడవారు వారి ఎదుటే మాట్లాడారు. ఆ ధైర్యానికి సంఘం తరఫున నమస్కారం. 2020 మే 7 నాటి గ్యాస్ లీకేజీని చూసిన వెంకటాపురం వాసుల్లో కొందరు ఈనాటికీ ఏ ఘాటు వాసన వచ్చినా లేచి పరుగెడుతున్నారు, నిద్ర పట్టడం లేదంటున్నారు. వారిని మానసిక వైద్యుల దగ్గరికి పంపుతున్నాం. ఈ పని ఇంకా ఆరంభంలోనే ఉంది. ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10న బీచ్ రోడ్డులో నడక జరిగింది. సంరక్షకుల నెలవారీ సమావేశం ఆగకుండా సాగింది. దానికి వచ్చే తల్లులు, అక్కలు, భార్యలు తమ నిద్ర, తమ రక్తపోటు గురించి ఒక్క మాట కూడా అడగరు. వచ్చే ఏడాది వారికి విడిగా ఆరోగ్య పరీక్షలు చేయించాలని కార్యవర్గం భావిస్తోంది.

సభ ముందుకు వచ్చే తీర్మానాలు

సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కోరేవి మూడు. స్థిమితంగా ఉన్న రోగులకు నెలకు బదులు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలని, ఆ తర్వాతి విడత వారి మండలంలోని ఆరోగ్య కేంద్రంలోనే ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వానికి వినతిపత్రం. ఏజెన్సీలో సంత జరిగే రోజున, సంత దగ్గరే మానసిక రోగుల మందులు, ఇంజక్షన్లు ఇచ్చే ఏర్పాటు కోసం మరొకటి. ఎటూ ఆ రోజు జనం దిగుతారు, బళ్లు తిరుగుతాయి. మూడవది, రోగి వెంట వచ్చేవారితో పాటు రోగికి కూడా బస్సు చార్జీ రాయితీ. మూడింటి ముసాయిదాలు ఈ నివేదికతో జతపరిచాం. మార్పులు సూచించేవారు సమావేశానికి వారం ముందుగా రాసి పంపండి.

ఊరు వదిలి రాలేని ఏజెన్సీ సభ్యుల తరఫున ప్రతినిధి ఓటు వేసే వీలు కల్పించాలని ఒక సభ్యురాలు కోరారు. నియమావళిలో దానికి అడ్డు లేదు. సమావేశంలో ముందుగా ఆ అంశమే చేపడతాం.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున,
విశాఖపట్నం